మోకాలి అరుగుదలకు ఇంజెక్షన్లు: జంతు ప్రయోగాల చరిత్ర

మోకాలి ఆస్టియోఆర్థరైటిస్‌కు, అంటే వాడుకలో ‘గుజ్జు అరిగిపోవడం’ అనే జబ్బుకు, కీలు లోపలికే ఇచ్చే మందులను కుందేళ్లు, కుక్కలు, మేకలు, గుర్రాలు, ఎలుకల్లో పరీక్షించడం 20వ శతాబ్దపు రెండో సగంలో ఊపందుకుంది.

స్టెరాయిడ్లు మాత్రం ముందు మనుషుల్లోకే వెళ్లాయి. 1951లో ఫిలడెల్ఫియా వైద్యుడు జోసెఫ్ హోలాండర్ రోగుల కీళ్లలోకి హైడ్రోకార్టిసోన్ ఎక్కించి, నొప్పి తగ్గుతోందని ప్రకటించారు. వాడకం పెరిగిన చాలా ఏళ్లకు, 1967లో, కెనడా సర్జన్ రాబర్ట్ సాల్టర్ బృందం ఆ మందు పదేపదే ఇస్తే కుందేళ్ల మృదులాస్థి దెబ్బతింటోందని చూపింది. ఈ పరీక్ష ముందే జరిగి ఉండాల్సింది.

1973లో పరిశోధకులు పాండ్, నుకీ కుక్క మోకాలిలో ముందరి క్రూసియేట్ లిగమెంట్‌ను కోసి అరుగుదల తెప్పించే పద్ధతిని వివరించారు. తర్వాతి పరిశోధనల్లో ఎన్నో దానిమీదే నడిచాయి. అయితే గాయంతో కొన్ని నెలల్లో పాడయ్యే కీలు, మనిషిలో దశాబ్దాల తరబడి అరిగే కీలు ఒకటి కావు.

హైలురానిక్ ఆమ్లం కథలో గుర్రానిది పెద్ద పాత్ర. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి నుంచి వేరుచేసిన ఈ పదార్థం కీలు ద్రవానికి జిగటనిస్తుంది. ఎండ్రె బలాజ్ దాన్ని కోడిపుంజుల జుట్టు నుంచి బాగా శుద్ధిచేసి తీశారు. కీళ్లవాపుతో కుంటే పందెపు గుర్రాలకు ఇచ్చిన ఫలితాలు 1970లో వెలువడ్డాయి. మనుషుల్లో ప్రయత్నాలు ఆ తర్వాతే. అమెరికాలో మోకాలి చికిత్సకు అనుమతి వచ్చింది 1997లో.

గుర్రం ఇక్కడ ప్రయోగ జంతువే కాదు, రోగి కూడా. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకిల్‌రైత్, ఫ్రిస్బీ బృందం గుర్రాల ముందుకాలి మణికట్టు కీలులో చిన్న ఎముక ముక్కను విడదీసి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి మందులను పోల్చింది. 1997, 1998లలో వచ్చిన ఫలితాల ప్రకారం స్టెరాయిడ్లలో ట్రయామ్సినోలోన్ మేలు చేసింది, మిథైల్‌ప్రెడ్నిసోలోన్ మృదులాస్థికి హానిచేసింది. స్టెరాయిడ్లన్నిటినీ ఒకే గాట కట్టకూడదని తేల్చిన పని అది. కానీ 2017లో 140 మంది రోగులకు 12 వారాలకోసారి చొప్పున రెండేళ్లపాటు అదే ట్రయామ్సినోలోన్ గానీ సెలైన్ గానీ ఇచ్చి చూస్తే, మందు పొందినవారిలోనే మృదులాస్థి ఎక్కువ తరిగింది. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

2003లో మేకలకు హైలురానిక్ ఆమ్లంలో కలిపి మూలకణాలు ఎక్కిస్తే, తీసేసిన మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) కొంతమేర తిరిగి పెరిగింది. ఆ వార్త రేపిన ఆశ నేటికీ ఎన్నో క్లినిక్‌ల ప్రకటనల్లో అసలు సాక్ష్యాన్ని మించి కనిపిస్తోంది.

ప్రయోగశాలలో మృదులాస్థి మందాన్ని కొలవగలం. జంతువు నొప్పిని మాత్రం నడకను, కాలిమీద మోపే బరువును చూసి ఊహించాల్సిందే. మందం పెరగడం, నొప్పి తగ్గడం ఒకటే అనుకోకూడదని స్ప్రిఫెర్మిన్ అనే మందు చెబుతోంది. దాని మూలమైన ఎఫ్‌జీఎఫ్-18 ప్రొటీన్ 2005లో ఎలుకల మోకాళ్లలో మృదులాస్థిని పెంచింది. 2019లో వెలువడిన మానవ పరీక్షలోనూ ఎక్కువ మోతాదులో మందం స్వల్పంగా పెరిగింది. నొప్పి మాత్రం ఉత్తుత్తి మందు తీసుకున్నవారికన్నా గణనీయంగా తగ్గలేదు.