కంప్యూటర్ డిగ్రీ చదువులు: నల్లగొండ, మహబూబ్‌నగర్
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో ఇంటర్ తర్వాత కంప్యూటర్ చదువుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఎంపీసీ చదివినవారు ఎప్‌సెట్ ర్యాంకుతో నాలుగేళ్ల బీటెక్‌లో చేరతారు. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసినవారు ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలోకి వెళ్తారు.

రెండో దారి మూడేళ్ల డిగ్రీ. 2007లో ఏర్పడిన నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008 నాటి పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో సీట్లను డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం ‘దోస్త్’ ద్వారా కేటాయిస్తారు. ఇక్కడ వెబ్ ఆప్షన్ల వరుసే కీలకం. పైనున్న ఆప్షన్ దక్కితే కింది వాటిని చూడరు కాబట్టి కోరుకున్న కోర్సునే ముందు పెట్టాలి. బీఎస్సీలో గణితం, భౌతికశాస్త్రం వంటి వాటితో కలిపి కంప్యూటర్ సైన్స్ చెబుతారు. బీకాం కంప్యూటర్స్‌లో అకౌంట్స్‌కే పెద్దపీట. ఫీజులు భారమైన పల్లె కుటుంబాలకు నల్లగొండ నాగార్జున, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ ప్రభుత్వ కళాశాలలు గొప్ప ఆసరా. గణితంతో డిగ్రీ చేసినవారు ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏలో చేరవచ్చు.