ఎండలోనూ పచ్చగడ్డి

ఆగస్టు నెల. అమెరికాలో అట్లాంటాకు ఉత్తరాన, మనవాళ్లు బాగా స్థిరపడ్డ ఫోర్సైత్ కౌంటీ. వానల్లేక వీధంతా గడ్డి గోధుమరంగుకు తిరిగింది. ఒక్క ఇంటి పెరట్లో మాత్రం మూడు చారలు నిగనిగలాడుతున్నాయి.

"ఇక్కడ నేల మంచిది నాన్నా, గోంగూర వేద్దామా?" అన్నాడు కొడుకు.

తెనాలి వైపు వరి పండించి పండించి వచ్చిన పెద్దాయన చారమీద కాలుపెట్టి నొక్కాడు. చెప్పు మెత్తగా దిగింది. పక్కకు జరిగి నొక్కితే గట్టి నేల.

"నేల మంచిదైతే అంతటా పెరగాలి గదరా! గీత గీసినట్టు మూడు వరసలేమిటి? కిందనుంచి ఎవరో నీళ్లూ ఎరువూ పెడుతున్నారు."

పెడుతున్నది ఆ ఇంటివాళ్లే. మురుగు సెప్టిక్ ట్యాంకులోకి వెళ్తే మడ్డి అడుక్కి దిగుతుంది, జిడ్డు పైన తేలుతుంది. మధ్యనున్న నీరు చిల్లుల గొట్టాల్లోంచి కంకర పరిచిన కాలువల్లోకి పారి మట్టిలో ఇంకుతుంది. ఆ కాలువలున్న నేలే డ్రెయిన్ ఫీల్డ్. మన ఊళ్లలో చాలాచోట్ల ట్యాంకు నీళ్లు నేరుగా వీధి కాలువలో కలుస్తాయి కాబట్టి ఈ ఏర్పాటు మనవాళ్లకు కొత్త. ట్యాంకు నిండితే తోడిస్తారని తెలుసు. నేల నిండిపోతుందని తెలియదు.

కాలువల మీద గడ్డి కాస్త పచ్చగా ఉన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. ఎండాకాలంలో కూడా అడుగు దిగుతుంటేనే అనుమానించాలి.

"నెల నుంచీ చెబుతూనే ఉన్నాను. వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలితే కింది బాత్రూమ్‌లో గుడగుడమంటోందని," అంది కోడలు. కొడుకు ప్లంజర్‌తో పొడిచాడు. సింకులో ఏదో రసాయనం పోశాడు. స్నేహితుడు చెప్పాడని కమోడ్‌లో బ్యాక్టీరియా పొడి కూడా వేశాడు. ఒక్క సింకే మొరాయిస్తే అది ఆ గొట్టం గొడవ. ఇంట్లో అన్నీ ఒకేసారి నెమ్మదిస్తే, అందులోనూ అన్నిటికన్నా కిందనున్న తూము ముందు పొంగితే, వెతకాల్సింది ఇంటి బయట.

మర్నాడు ట్యాంకు తోడే లారీ వచ్చింది. మూత తీస్తే నీటిమట్టం బయటికిపోయే గొట్టాన్ని దాటి నిలిచి ఉంది. ఫిల్టర్ పూడుకుపోయిందేమోనని కొడుకు ఆశ. పనివాడు దాన్ని తీసి కడిగాడు, వెయ్యి గ్యాలన్లూ తోడేశాడు, లైటు వేసి లోపలికి చూడమన్నాడు.

బయటికి పోవాల్సిన గొట్టంలోంచి నీళ్లు ట్యాంకులోకి వెనక్కి కారుతున్నాయి.

అంటే కాలువలు నిండుగా ఉన్నాయి, మట్టి తాగడం మానేసింది. ట్యాంకు దాటిపోయిన మడ్డీ జిడ్డూ, వాటిని తిని పెరిగిన సూక్ష్మజీవులూ కలిసి కాలువ అడుగున నల్లటి జిగురు పొర కట్టాయి. అక్కడి ఎర్ర బంకమట్టి అసలే నిదానంగా పీలుస్తుంది.

"ఇంతకుముందు ఎప్పుడు తోడించారు?" పనివాడు అడిగాడు. ఇల్లు కొన్నాక తోడించిందే లేదు. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ మామూలు ఇంటికి మూడు నుంచి ఐదేళ్లకోసారి తోడించమంటుంది. పైగా మిగిలిన అన్నం, పప్పు, వేపుడు నూనె అన్నీ సింకులోని గ్రైండర్‌లోకే. వారం బట్టలన్నీ ఆదివారం ఒక్కపూటే.

తోడించడంతో కొద్దిరోజులు ఊపిరి ఆడింది, అంతే. కౌంటీ ఆరోగ్య శాఖ అనుమతి తీసుకుని పెరటి రెండోవైపు కొత్త కాలువలు తవ్వించాల్సి వచ్చింది. ఖర్చు వేల డాలర్లలో. ఇన్‌స్పెక్టర్ చూసి సరేనన్నాకే మట్టి కప్పారు.

ఆ సాయంత్రం కోడలు ఇల్లు కొన్నప్పటి తనిఖీ రిపోర్టు బయటికి తీసింది. పైకప్పు, వైరింగ్, పొయ్యి, అన్నీ పేజీలకు పేజీలు. సెప్టిక్ దగ్గర ఒకటే వాక్యం: ట్యాంకు తెరిచి చూడలేదు, కావాలంటే విడిగా పరీక్ష చేయించుకోగలరు.