హాజరు పట్టీ ఊరు, బంగారు పతకం

ఆటలాడితే క్రమశిక్షణ వస్తుంది, జీవితంలో పైకొస్తారు అని బడిలో అందరికీ చెప్తారు. మనం మాత్రం ఈ మాట కాస్త ఆగి వినాలి. ఎందుకంటే క్రమశిక్షణ నేర్పుతామనే మన తాతముత్తాతల్ని ఒకచోట కట్టిపడేశారు.

తెనాలిలో చీరాల వైపు రైలెక్కితే బాపట్ల దాటాక స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మనిషి నేరం చేశాడా అని కాదు, ఏ ఇంట పుట్టాడని చూసే చట్టమది. దాని కిందే 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఎరుకల వాళ్ల సెటిల్‌మెంట్‌గా ఈ ఊరు పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరికి పెట్టారు. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు ఇక్కడి నుంచే వెళ్లేవాళ్లు. దీన్నే శీలం దిద్దడం అన్నారు!

చట్టం మద్రాసులో 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఊరి పేరుకి అంటిన మచ్చ మాత్రం పోలేదు. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' అని సినిమానే వచ్చింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ల చూపు మారడం మనలో చాలామందికి అనుభవమే.

ఆ ఊరి బిడ్డే రాగాల వెంకట్ రాహుల్. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో తయారయ్యాడు. 2014లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో వెండి పతకం గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారం. స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు. రెండో స్థానంలో ఉన్న సమోవా ఆటగాడు 331 దగ్గర ఆగిపోయాడు.

వెయిట్‌లిఫ్టింగ్ నియమాలు చూస్తే మాకు సెటిల్‌మెంటే గుర్తొస్తుంది, తలకిందులుగా. ఎంత బరువెత్తాలో ఆటగాడి వైపు నుంచే చెప్తారు, పైవాడు నిర్ణయించడు. ఒక్కో పద్ధతిలో మూడేసి అవకాశాలు. ఒకసారి బార్ జారిపడితే అంతటితో ముద్ర వేసెయ్యరు, మళ్లీ రమ్మంటారు. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్ల లైటు వేస్తే చాలు, ఆ ఎత్తు చెల్లినట్టే. వాళ్లు చూసేది మోచేతులు, పాదాలు. నీ తాత ఎవరని అడగరు. మనం నేర్చుకోవాల్సిన క్రమశిక్షణ ఇది, ఎవడో హాజరు పిలిస్తే వచ్చేది కాదు. 2014 వెండికీ 2018 బంగారానికీ మధ్య నాలుగేళ్లున్నాయి. ఆ నాలుగేళ్ల రోజువారీ సాధన ఏ రిజిస్టర్లోనూ కనపడదు.

అలాగని పతకం తెస్తేనే మనకు గౌరవం అనే మాట మేం ఒప్పుకోం. పతకం లేనివాళ్లూ దొంగలు కాదు. అది 1952లోనే తేలిపోవాల్సిన సంగతి.

బంగారం వచ్చిన ఐదేళ్లకి, 2023లో, స్టువర్టుపురం దొంగ మీద 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా వచ్చింది. తెనాలి, రేపల్లె, బాపట్ల హాస్టళ్లలో ఉన్న మన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఆ సినిమా పేరు తెలుసు. 151, 187 అంటే ఏంటో ఎంతమందికి తెలుసో ఓసారి అడిగి చూడండి.