బరువు దిగిన కరెంటు డబ్బా

టేప్‌రికార్డర్ల రోజుల్లో బ్యాటరీ ఎలిమినేటర్ అని ఒక డబ్బా ఉండేది. పరిమాణానికి మించిన బరువు, కాసేపటికే వేడి, చెవి ఆనిస్తే సన్నని రొద. ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను నడిపే చార్జరే జేబులో పడుతోంది. ఈ ఘనత యాపిల్‌దేనని స్టీవ్ జాబ్స్ అభిమానులు నమ్ముతారు. చరిత్ర అలా లేదు.

పాతది లీనియర్ పద్ధతి. ముందు ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను తగ్గిస్తుంది, డయోడ్లు డీసీ చేస్తాయి. స్థిరమైన వోల్టేజీ కావాలంటే 7805 లాంటి మూడు కాళ్ల రెగ్యులేటర్ తగిలిస్తారు. దానికి 12 వోల్టులిచ్చి 5 అడిగితే, మిగిలిన 7 వేడిగా తగలేస్తుంది. ఒక ఆంపియర్ వాడితే మనకు దక్కేది 5 వాట్లు, హీట్‌సింక్ పాలయ్యేది 7! పైగా 50 హెర్ట్జ్ దగ్గర పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్‌కు బోలెడు ఇనుము కావాలి.

ఇప్పటి చార్జర్లలో ఉండే స్విచ్ మోడ్ పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) ఈ వరసను తిరగేసింది. 230 ఏసీని నేరుగా సుమారు 325 వోల్టుల డీసీ చేసి, ట్రాన్సిస్టర్‌తో సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కోర్ చిన్నదైనా చాలు.

కరెంటును ఇలా తుంచి వాడడం 1930లలోనే కారు రేడియోల్లో ఉంది. వైబ్రేటర్‌లోని రేకు టకటకా కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటును తుంచితే, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వాల్వులకు సరిపడా వోల్టేజీకి పెంచేది. 1962లో టెల్‌స్టార్ ఉపగ్రహం స్విచ్చింగ్ సప్లైతోనే పైకెళ్లింది. ఇళ్లకు రావడానికి అడ్డు ధర. ఎక్కువ వోల్టేజీని తట్టుకునే వేగవంతమైన ట్రాన్సిస్టర్లు చౌకయ్యాక దారి తెరుచుకుంది. 1976లో సిలికాన్ జనరల్ కంపెనీలో రాబర్ట్ మమ్మానో నియంత్రణ సర్క్యూట్‌ను ఎస్‌జీ1524 అనే ఒక్క చిప్‌లోకి కుదించాడు.

యాపిల్ 2 కంప్యూటర్ వచ్చింది ఆ మరుసటి ఏడాది, 1977లో. ఫ్యాన్ రొద వద్దని జాబ్స్ పట్టుబడితే ఇంజినీర్ రాడ్ హోల్ట్ స్విచ్చింగ్ సప్లై తయారుచేశాడు. చక్కని పనితనమే, కానీ తొలి అడుగు కాదు.

లీనియర్‌కు కాలం చెల్లిందనుకోకండి. స్విచ్చింగ్‌లో పుట్టే ఎలక్ట్రికల్ నాయిస్ ఏఎం రేడియోలో గరగరలాడుతుంది. అందుకే సున్నితమైన కొలతలకు, కొన్ని ఆడియో పరికరాలకు ఇప్పటికీ లీనియరే వాడతారు.

ఎస్ఎంపీఎస్ విప్పి చూడాలని సరదాపడేవారికి ఒక మాట: ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఆ 300 పైచిలుకు వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి. పని తెలియకుండా చెయ్యి పెట్టకండి.