జీర్ణనాళ రక్తస్రావం – ధమనీ నిరోధన చికిత్స: చారిత్రక పరిశీలన

‘ఎంబోలస్’ అనే మాట వైద్యంలో మొదట ఒక ప్రమాదానికి పేరు. ఎక్కడో ఏర్పడిన రక్తపు గడ్డ ప్రవాహంలో కొట్టుకువచ్చి నాళాన్ని మూసివేయడాన్ని 19వ శతాబ్దిలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చో ఈ మాటతో వివరించాడు. వైద్యులు అంతగా భయపడిన ఆ అవరోధమే 1970 దశకంలో జీర్ణనాళ రక్తస్రావానికి చికిత్సగా మారింది. ముల్లును ముల్లుతోనే తీయాలన్న నానుడి ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఈ చికిత్స చరిత్రను నాళాన్ని మూసే పదార్థాల చరిత్రగా కంటే, రక్తం కారే చోటుకు వైద్యుడు ఎంత చేరువ కాగలిగాడన్న చరిత్రగా చూడటం సమంజసం.

రక్తపు వాంతులతోనో నల్లని విరేచనాలతోనో వచ్చిన రోగికి అప్పట్లో రక్తం ఎక్కించడం, ఆగకపోతే పొట్ట కోయడం తప్ప మార్గాలు తక్కువ. కోసినా పేగు వెలుపలి నుండి చూస్తే లోపల రక్తం ఎక్కడ కారుతోందో చాలాసార్లు తెలిసేది కాదు. వృద్ధులు, కాలేయవ్యాధిగ్రస్తులు ఆ శస్త్రచికిత్సను తట్టుకోవడమే కష్టం.

స్వీడన్‌కు చెందిన స్వెన్ ఐవార్ సెల్డింగర్ 1953లో ప్రకటించిన పద్ధతి ధమనిలోకి దారి తెరిచింది. సూదితో నాళాన్ని గుచ్చి, దాని గుండా తీగను పంపి, సూది తీసివేసి, ఆ తీగ మీదుగా కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని జార్చడం అందులోని కిటుకు. ఫిలడెల్ఫియాలో మోరీ నుస్‌బామ్, స్టాన్లీ బామ్ 1963లో దీనిని రక్తస్రావ స్థానాన్ని కనుగొనడానికి వాడారు. నిమిషానికి 0.5 మిల్లీలీటరు మేర కారే రక్తాన్ని కూడా ఎక్స్‌రే చిత్రంలో గుర్తించవచ్చని శునకాలపై ప్రయోగాల్లో చూపారు. ఆ గొట్టం గుండానే వాసోప్రెసిన్ ఎక్కించి నాళాలను కుంచింపజేసే చికిత్స తరువాత వచ్చింది. అందుకు గొట్టాన్ని గంటల తరబడి ధమనిలోనే ఉంచాలి. మందు ఆపితే రక్తం మళ్లీ కారవచ్చు. గుండె నాళాలూ కుంచించుకుపోయే ప్రమాదముంది.

1970లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జోసెఫ్ రోష్ మరో అడుగు వేశాడు. చెకోస్లొవేకియా నుండి వచ్చి చార్లెస్ డాటర్ విభాగంలో చేరిన రోష్, జఠర రక్తస్రావంతో ఉన్న రోగి నుండే రక్తం తీసి, గడ్డకట్టించి, జఠరానికి వెళ్లే ఒక ధమనిశాఖలోకి పంపి దానిని మూసివేశాడు. రోష్, డాటర్, బ్రౌన్ ఈ పద్ధతిని 1972లో ‘రేడియాలజీ’ పత్రికలో ప్రకటించారు. మూసుకుపోయిన కాలి ధమనిని 1964లో కాథెటర్‌తో తెరిచిన డాటర్ విభాగంలోనే, తెరిచి ఉన్న ధమనిని మూసే విద్య పుట్టడం గమనార్హం.

సొంత రక్తపు గడ్డ శరీరంలో త్వరగా కరిగిపోతుంది. జెలటిన్ స్పాంజి ముక్కలు కొంత మేలు. 1975లో పాలీవినైల్ ఆల్కహాల్‌ను ఇందుకు కొత్త పదార్థంగా పరిచయం చేసిన వ్యాసకర్తలలో మొదటి పేరు ఎస్. మూర్తి తాడవర్తి, ఇంటిపేరు తెలుగు పాఠకునికి కొత్తది కాదు. అదే ఏడాది జాంతుర్కో బృందం ఉక్కు తీగచుట్టలను ప్రకటించింది.

అసలు చిక్కు పదార్థంలో లేదు, శరీర నిర్మాణంలో ఉంది. జఠరానికీ ఆంత్రమూలానికీ రక్తం పలు దారుల్లో అందుతుంది. కనుక ఒక శాఖ మూసినా కణజాలం బతుకుతుంది. అదే కారణంగా ఒకవైపు మాత్రమే మూస్తే మరోవైపు నుండి రక్తం వచ్చి మళ్లీ కారుతుంది. పెద్దపేగు గోడకు చేరే చివరి శాఖల మధ్య ఇంతటి అనుసంధానం లేదు. తొలినాటి లావు గొట్టాలు అంతదూరం చేరలేక, వెనుకనే నాళాన్ని మూయడంతో కొందరు రోగుల్లో పేగుభాగం రక్తమందక కుళ్లింది. కడుపును కాపాడిన చికిత్సే పేగును చంపింది. అందువల్ల పెద్దపేగు విషయంలో వాసోప్రెసిన్ చాలాకాలం నిలిచింది. సుమారు ఒక మిల్లీమీటరు, అంతకంటే సన్నని సూక్ష్మ కాథెటర్లు వచ్చి, రక్తం కారే కొసశాఖను మాత్రమే మూయడం సాధ్యమయ్యాకే, 1990 దశకంలో ఈ చికిత్స అక్కడ తిరిగి ఆదరణ పొందింది.

నేడు తొలి ప్రయత్నం ఎండోస్కోపీదే. అది విఫలమైనప్పుడు రోగిని కాథెటర్ వద్దకు పంపుతారు. జీర్ణనాళ రక్తస్రావం ఆగి ఆగి సాగుతుంది. గొట్టం చేరేసరికి ఆగిపోయి చిత్రంలో ఏమీ కనిపించకపోవచ్చు. అటువంటప్పుడు, రక్తాన్ని ఆపలేకపోయిన ఎండోస్కోపీ వైద్యుడు పుండు దగ్గర వదిలివచ్చిన చిన్న లోహపు క్లిప్పే ఎక్స్‌రేలో కనబడి, ఏ ధమనిని మూయాలో చూపుతుంది.