మనీ ప్లాంట్ పుట్టిల్లు

శ్రోతలారా, మీ ఇంటి కిటికీలో, సీసా నీళ్లలో మనీ ప్లాంట్ తీగ ఉందా? మనమే కాదు, మన కన్నడ, తమిళ ఇరుగుపొరుగువారు కూడా దాన్ని ఆ ఇంగ్లీషు పేరుతోనే పిలుస్తారు. దాని పుట్టిల్లు మాత్రం పసిఫిక్ సముద్రంలోని మొరేయా దీవి.

1880లో యూరప్ శాస్త్రజ్ఞులు దానికి పోథోస్ ఆరియస్ అని పేరు పెట్టారు. ఆ పేరు నిలవలేదు. మొక్క ఏ జాతిదో పువ్వును చూసి తేల్చాలి, ఇదేమో పూయదాయె! 1962లో అరుదుగా ఒక పూత దొరికాక మళ్లీ పేరు మారింది. ఆ దశకంలోనే ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అని స్థిరపడింది. పూయకపోవడానికి కారణం 2016లో తెలిసింది. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ హార్మోను ఈ తీగలో తగినంత తయారుకాదు.

పువ్వే లేకపోతే గింజ ఎక్కడిది? అందుకే ఇది ఇంటింటికీ ముక్కలుగానే చేరింది. దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందని కొందరి నమ్మకం. అంత అవస్థ ఎందుకండీ, అడిగితే ఎవరు కాదంటారు? తుంచిన ముక్కకు కణుపు ఉండాలి, అంతే. కణుపు లేని ఆకుకు వేళ్లు వచ్చినా తీగ సాగదు. వెలుతురు తగిలేచోట పెట్టి, వారానికోసారి నీళ్లు మార్చండి. పసిపిల్లలకు అందనివ్వకండి, ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది.