ఫిల్మ్‌నగర్ చూపించని మనుషులు

సినిమా చరిత్ర అంటే మనకి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, హీరోల వంశాల గురించే చెప్తారు. ఆ బంగళాల్లో అంట్లు తోమడానికి పక్క బస్తీల నుంచి పోయే ఆడవాళ్ళకి అందులో చోటు లేదు. హైదరాబాదులో పుట్టిన దీపా ధన్‌రాజ్ కెమెరా అలాంటివాళ్ళ దగ్గరికే పోయింది.

1980లో అభా భయ్యా, నవ్రోజ్ కాంట్రాక్టర్, మీరా రావులతో కలిసి ఆమె 'యుగాంతర్' బృందాన్ని పెట్టారు. 'మోల్కరిన్' (1981) పూణే పనిమనుషులు సంఘం కట్టుకున్న చరిత్ర. తర్వాతది నిపాణి పొగాకు కార్మిక స్త్రీల పోరాటం. ఇంటి నాలుగు గోడల మధ్య హింస మీద తెలుగులో 'ఇది కథ మాత్రమేనా' (1983)ని స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తీశారు.

1984లో ఎన్.టి. రామారావుని గద్దె దించిన రోజుల్లో పాతబస్తీ మత కల్లోలంలో తగలబడింది. సినిమా హీరో కుర్చీ కథ అందరికీ తెలుసు. కర్ఫ్యూలో పొయ్యి వెలగని ఇళ్ళ కథ ఎవరికి కావాలి? 'క్యా హువా ఇస్ షహర్ కో' (1986) ఆ కల్లోలం వెనకున్న రాజకీయాన్ని బయటపెట్టింది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు దళిత పరిశోధకులు ఆరుబయట 'వెలివాడ' కట్టారు. వారిలో రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ ఉద్యమం మీద దీపా 2018లో 'వుయ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై' తీశారు. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప మొదట తొక్కింది మేమే. జాలిపడాల్సిన వాళ్ళుగా కాకుండా, వాదించే మనుషులుగా మేము తెరమీద కనపడ్డాం.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. మా మాట వినే కెమెరా దొరికింది, సరే. మా చేతిలో కెమెరా ఎప్పుడు?